తాతగారి పెద్దకొడుకు

లువమ్ ఎలాంటివాడని అడిగితే మా గాన్ సోయ్ ఊళ్ళో ఎవరైనా ముందు వాడి చేపల పులుసు గురించి చెబుతారు, ఆ తరవాత వాడి పిసినారితనం గురించి చెబుతారు. రెండూ నిజమే. మా ఇంటికీ వాడింటికీ మధ్య ఉన్నది ఒక్క వెదురు దడి. అదీ సగం పడిపోయి ఏళ్ళయింది. వాడు కడతాడని నేనూ, నేను కడతానని వాడూ చూస్తున్నాం. కాబట్టి వాడి సంగతులు వాడి భార్య న్యాన్‌కి ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు. నా పేరు కియెమ్. హ్వాన్ అన్న బోటులో ఇంజను చూస్తాను. అదే బోటులో లువమ్ వంట చేస్తాడు. ఇంటి దగ్గరా వాడి గొంతే, సముద్రం మీదా వాడి గొంతే. నా నుదుట అలా రాసి ఉంది.

వాడి పేరులోనే వాడి పుట్టుక ఉంది. ఏరుకొచ్చినవాడు అని దానికి అర్థం. ఒక గాలివాన వెలిసిన మర్నాడు, వలలు బాగుచేసుకుని బతికే సియెమ్ అవ్వ పొయ్యిలోకి పుల్లలు ఏరుకుందామని ఒడ్డుకు వెళ్ళింది. అక్కడ బోర్లాపడ్డ పుట్టి పక్కన, గోనెగుడ్డలో చుట్టిన పసివాడు ఏడుస్తూ కనబడ్డాడు. ఎవరి పుట్టో, ఎవరి బిడ్డో ఈనాటికీ తెలియదు. పుట్టిని ఎవరో పట్టుకుపోయారు, బిడ్డని అవ్వ తెచ్చుకుంది. ఆవిడకి పెళ్ళి కాలేదు. అలా లువమ్‌కి అమ్మ దొరికింది గానీ నాన్న దొరకలేదు.

దాని గురించి వాడు పైకి ఎప్పుడూ ఏమీ అనడు. కానీ మా ఊళ్ళో ఎవరింట తద్దినమైనా వంటకి వాడు ఉండాల్సిందే. పిలవకపోయినా వెళ్తాడు. ఎవరి తాత ఏ తిథిన పోయాడో ఆ ఇంటివాళ్ళు మరిచిపోతే వీడే గుర్తుచేస్తాడు. వాడింట్లో మాత్రం అవ్వకి తప్ప ఇంకెవరికీ పెట్టడానికి లేదు. గోడవారగా, పోయినవాళ్ళ ఫొటోలు పెట్టి కొలిచే పెద్దల పీట మీద అవ్వ ఫొటో ఒక పక్కకి జరిపి పెట్టి, తండ్రి ఫొటో ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేశాడు. అక్కడ ఓ పూలకుండీ అయినా పెట్టుకోరా అని ఒకసారి నోరుజారాను. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. దడి అవతలినుంచి పులుసు గిన్నె రావడం కూడా ఆగిపోయింది. అది ఇంకా పెద్ద శిక్ష.

వాడికి ఒక్కతే కూతురు, థామ్. పొద్దున్నే రేవు దగ్గర సేమ్యా పులుసు అమ్ముతుంది. పెళ్ళికొడుకు ఏటి అవతల బోట్లు కట్టే వడ్రంగి. పులుసు తాగడానికి వచ్చి పిల్లని ఇష్టపడ్డాడు. అందులో ఏ గొడవా లేదు. గొడవంతా ముహూర్తాలతోనే. మొదటిసారి పెట్టుకుంటే పెళ్ళికొడుకు మామ్మ పోయింది. రెండోసారి వరదొచ్చి వాళ్ళ ఇంటి కప్పు పట్టుకుపోయింది. ఇక తేత్ పండగ వెళ్ళగానే, కొత్త సంవత్సరం మొదటి నెలలో చేసేద్దామని మూడోసారి అనుకున్నారు. ఈలోపు పెళ్ళికొడుకు తల్లి మనసు విరిగింది. ఇన్నిసార్లు ఆగిందంటే ఆ పిల్ల జాతకంలోనే ఏదో ఉందని ఒకరి దగ్గర అంది. తాంబూలం అందుకోవడానికి తండ్రి వైపు పెద్దదిక్కే లేని ఇల్లు ఏం ఇల్లని ఇంకొకరి దగ్గర అంది. ఈసారి గనక ఆగితే నా కొడుక్కి వేరే సంబంధం చూసుకుంటానని చేపల బజారులో అందరి ముందూ తేల్చి చెప్పేసింది.

ఆ మాట చెవిన పడినప్పటినుంచీ లువమ్‌కి అన్నం సయించలేదు. మా ఆవిడ మాత్రం పెళ్ళి భోజనాలకని ఒక పందిని మేపుతూనే ఉంది. ఆ పందికి జరిగిన మర్యాద నాకు జరిగుంటే నేనూ అలాగే నిగనిగలాడేవాణ్ణి.

ఈ పరిస్థితిలో చలికాలపు ఆఖరి వేటకి బయల్దేరాం. ఈశాన్యపు గాలి కాస్త నెమ్మదించిన సందు చూసుకుని నడిసముద్రానికి పోయి, తేత్‌లోపు తిరిగొచ్చేయాలి. మా తీరంలో బోటెక్కి పనిచేసేవాణ్ణి కూలీ అనరు, స్నేహితుడనే అంటారు. మా బోటులో అది మాటవరసకి అన్నది కాదు. సరంగు హ్వాన్ అన్నది మా వీధే. డాంగ్ మా ఎదురింటివాడు, పెళ్ళి కాలేదు, నోరు తెరిస్తే ఎగతాళే. మిగిలిన ఇద్దరూ హ్వాన్ అన్న అల్లుళ్ళు. మామగారి ముందు వాళ్ళు ఊపిరి కూడా గట్టిగా తీసుకోరు.

బోటు ముందువైపు, అణియం మీద అగరొత్తులు వెలిగించాం. బోటు ముక్కుకి రెండు పక్కలా ఉన్న కళ్ళకి కొత్త రంగు వేశాం. న్యాన్ రేవుకొచ్చి, జాగ్రత్తగా వెళ్ళి తొందరగా రమ్మని మొగుడికి చెప్పి, ఆయన్ని చూసుకో అన్నయ్యా అని నాకు విడిగా చెప్పింది. చూసుకోవడానికి వాడేమన్నా పసివాడా అని విసుక్కున్నాను. నేను విసుక్కుంటే ఒప్పుకున్నట్టేనని ఆవిడకి తెలుసు.

చలి, ముసురు. మాకు చలికాలమంటే బట్టలు ఆరని కాలం. బోటు మొత్తం మీద వెచ్చగా ఉండేది నా ఇంజను గది ఒక్కటే కాబట్టి అందరి తడి చొక్కాలూ నా నెత్తి మీదే వేలాడతాయి. నడిసముద్రానికి చేరి గేలాల తాడు పరిచాం. మర్నాడు తెల్లవారాక లాగడం మొదలుపెడితే సూర చేపలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఆ చలికాలమంతటిలో అంత వేట పడలేదు. హ్వాన్ అన్న నవ్వాడంటే ఇక చూసుకోండి. మేమంతా కుడిపక్కన తాడు మీద పడ్డాం. లువమ్ ఒక్కడే బోటు వెనక అమరం దగ్గర, ఎడమపక్క ఒంగి, సముద్రపు నీళ్ళతో బియ్యం కడుగుతున్నాడు.

అప్పుడు వాడేం చూశాడో మాకు మధ్యాహ్నం దాకా తెలియదు. మీకు ఇప్పుడే చెప్పేస్తాను. దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు. కాస్త దూరంలో, ముసురులో, అలకీ అలకీ మధ్య, నల్లటి వీపొకటి తేలి మునిగింది. గుండ్రంగా, నున్నగా ఉంది. పైన పక్షులు తిరుగుతున్నాయి. మళ్ళీ తేలింది, మళ్ళీ మునిగింది. దానంతట అది కదలడం లేదు. నీళ్ళు చిమ్మడం లేదు.

మా సముద్రంలో తిమింగలాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. తాతగారు అంటాం. గాలివానలో బోట్లని వీపు మీద మోసి ఒడ్డుకు చేర్చిన దేవుడాయన. ఆయన చచ్చిపోయారని అనకూడదు, ఒరిగిపోయారనాలి. ఒరిగిన తాతగారిని అందరికన్నా ముందు ఎవడి కళ్ళు చూస్తాయో వాడే ఆయనకి పెద్దకొడుకు. వేట ఆపి ఒడ్డుకు తీసుకురావాలి. తలకి తెల్లగుడ్డ కట్టుకుని కర్మ చేయాలి. మూడేళ్ళు సూతకం పట్టాలి. ఆ మూడేళ్ళూ మా ఊళ్ళో ఆ ఇంట్లో పెళ్ళి మాట ఎత్తరు. అదొక గౌరవమే. దానికోసం ఎదురుచూసేవాళ్ళూ ఉన్నారు. కానీ ఆ పొద్దున, బియ్యపు గిన్నె చేతిలో పట్టుకున్న లువమ్‌కి కనబడింది తాతగారు కాదు, కూతురి మొహం. ఇక మూడేళ్ళు అంటే ఆ పిల్లకి ఆ సంబంధం పోయినట్టే. వాడు గిన్నెలోకి తల దించుకున్నాడు. తల ఎత్తేసరికి ముసురు మూసేసింది, ఏమీ కనబడలేదు. బియ్యం పొయ్యి మీద పెట్టాడు.

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాం. సగం తాడు లాగాం, సగం ఇంకా నీళ్ళలో ఉంది. అందరం హుషారుగా ఉన్నాం. మిరియాలు వేసి ఉడికించిన పెద్ద చేప పళ్ళెంలో పెట్టి లువమ్ మా మధ్య పెట్టాడు. పైపక్క అందరం తినేశాం. అప్పుడు చేప వెన్నుముల్లు ఎత్తి తీసేసి కిందిపక్క తినాలి. అంతేగానీ చేపని తిరగెయ్యకూడదు. పళ్ళెంలో చేప తిరగబడితే నీళ్ళలో బోటు తిరగబడుతుంది. మాటలు కూడా రాని పిల్లలకి మేం నేర్పే సంగతి ఇది. ఒడ్డున కూడా ఎవరూ తిరగెయ్యరు, ఇక బోటు మీద చెప్పాలా. అలాంటిది, జీవితమంతా బోటు మీద వండినవాడు, డాంగ్‌కి వడ్డిస్తూ వడ్డిస్తూ, చేపని పట్టుకుని వెల్లకిలా తిప్పేశాడు.

ఎవరూ నమలలేదు. అల్లుళ్ళలో చిన్నవాడు "అయ్యో" అన్నాడు. మామగారి ముందు వాడి గొంతు నేను వినడం అదే మొదటిసారి. డాంగ్ కూడా ఎగతాళి చేయలేదు. లువమ్ తన చేతిని తనే చూసుకుంటున్నాడు, అది ఎవరిదో అన్నట్టు.

హ్వాన్ అన్న చేతిలో ఉన్న, అన్నం తినే పుల్లలు పక్కన పెట్టాడు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాడు.

"బాగానే ఉందన్నా."

"మరి మనసెక్కడ పెట్టావ్?"

లువమ్ చెప్పేశాడు. "పొద్దున తాతగారు కనబడ్డారన్నా. ఒరిగిపోయి ఉన్నారు. చూసి కూడా నోరు మెదపలేదు. థామ్ పెళ్ళి గుర్తొచ్చింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. చూసినందుకు కాదు, చెప్పకుండా ఉన్నందుకూ కాదు, చెప్పినందుకు. పొద్దుటినుంచీ మూసుకున్న నోరు సాయంత్రం దాకా మూసుకుంటే నీ సొమ్మేం పోయిందిరా అని కేకలేశాను. మూడేళ్ళు ఆ పిల్ల ఏమైపోవాలి, ఆ ఏటి అవతలి మహాతల్లి ఊరుకుంటుందా, న్యాన్‌కి ఏం చెబుతావ్ అని నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టి తిట్టి నాకే ఆయాసం వచ్చింది.

హ్వాన్ అన్న లేచాడు. నీళ్ళలో ఉన్న తాడుకి బెండు కట్టి, జెండా పెట్టి వదిలెయ్యమని అల్లుళ్ళకి చెప్పాడు. ఆ తాడు మీద ఇంకా ఎన్ని చేపలున్నాయో దేవుడికే తెలుసు. గాలి మళ్ళీ లేస్తే తాడు కూడా దక్కదని అందరికీ తెలుసు. ఒక్కరూ కాదనలేదు. నన్ను ఇంజను వేగం పెంచమన్నాడు. చుక్కాని తిప్పుతూ, ఎవరి మొహమూ చూడకుండా, అటు సముద్రానికి చెబుతున్నట్టు చెప్పాడు.

"చూసింది నేను. అందరూ విన్నారుగా. నా పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాయి. తల ఎలాగూ నెరిసింది, తెల్లగుడ్డ కట్టినా ఎవరికీ తేడా తెలియదు."

డాంగ్ ఒప్పుకోలేదు. అన్నకంటే ముందు తానే చూశానన్నాడు. తనకి ఎలాగూ పిల్లనిచ్చేవాడు లేడు, సూతకం వల్ల ఆగిపోయానని చెప్పుకుంటే కాస్త పరువైనా దక్కుతుందన్నాడు. ఇద్దరూ నేనంటే నేనని వాదించుకున్నారు. నేనెందుకు వెనకబడాలి, మీ ఇద్దరికంటే ముందు నేనే ఇంజను గదిలోంచి చూశానన్నాను. ఇంజను గదికి కిటికీ లేదు. అయినా ఎవరూ నవ్వలేదు. లువమ్ మా ముగ్గుర్నీ చూసి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఊళ్ళో మీరేం చెప్పినా నమ్ముతారన్నా. తాతగారికి తెలియదా, చూసిందెవరో? నాకు తండ్రి లేడని బతుకంతా లోపల ఏడుస్తూనే ఉన్నాను. తండ్రి ఎదురైతే మొహం తిప్పుకున్నాను. ఇక నా వల్ల కాదు."

వాడు వంట దగ్గరికి వెళ్ళి, ఉతికి ఆరేసిన తెల్లటి బియ్యపు సంచి తెచ్చి, పొడుగ్గా చింపి తలకి కట్టుకున్నాడు. అణియం మీదికి పోయి అగరొత్తులు వెలిగించుకుని నిలబడ్డాడు. పెళ్ళి పోయింది. మా ఆవిడకి ఏం చెప్పాలి, న్యాన్‌కి ఏం చెప్పాలి అని ఇంజను దగ్గర కూర్చుని అదే ఆలోచన.

గాలి ఎటు వీస్తోంది, నీటి వాలు ఎటుంది అని చూసుకుంటూ హ్వాన్ అన్న నైరుతి వైపు పోనిచ్చాడు. ముసురు విడవలేదు. ఎంత వెతికినా నీళ్ళే. ఒక దశలో నాకొక పాడు ఆలోచన వచ్చింది, దొరక్కపోతే బాగుండునని. తాతగారు నన్ను క్షమించాలి. అంతలో లువమ్ అణియం మీంచి చెయ్యెత్తి అరిచాడు. అలల మధ్య నల్లటి వీపు, అదే. పక్షులు ఇంకా తిరుగుతున్నాయి. లువమ్ మోకాళ్ళ మీద పడి, అగరొత్తులు నుదుటికి ఆనించుకుని, తండ్రి పోయిన కొడుకులాగే గొంతెత్తి ఏడ్చాడు. నేను ఇంజను తగ్గించి పైకొచ్చాను. మేమంతా తలలు దించుకున్నాం.

డాంగ్ ఒక్కడే తల దించలేదు. వాడికి ఏ మర్యాదా తెలియదు, ఆ రోజు అదే మంచిదయింది.

"అన్నా," అన్నాడు మెల్లగా, "తాతగారికి చెయ్యుందేంటి?"

చూశాం. నల్లటి వీపు మీద ఒక చెయ్యి ఆడుతోంది. దాని పక్కన ఇంకొకటి లేచింది. అది వీపు కాదు. తారు పూసిన చిన్న బోటు అడుగు. బోటు బోర్లాపడి తేలుతోంది. దాన్ని కరుచుకుని ఇద్దరు మనుషులున్నారు.

ఆ తరవాత ఎవరెవరు ఏం చేశారో నాకు వరసగా గుర్తులేదు. హ్వాన్ అన్న బోటుని గాలికి అడ్డంగా తిప్పాడు. పుట్టి దించాం. లువమ్ తలగుడ్డతోనే అందులోకి దూకాడు, డాంగ్ వెనకే దూకాడు. బోర్లాపడ్డ బోటు మీదివాళ్ళిద్దరూ వల తాళ్ళతో తమని తాము దాని అడుగుకి కట్టేసుకుని ఉన్నారు. తాళ్ళు చేతుల్లోకి కోసుకుపోయాయి. కత్తితో తెంచి, ఒక్కొక్కర్నీ పుట్టిలోకి లాగి తెచ్చారు. ఒకాయన ముసలాయన. పెదవులు నీలంగా మారాయి. రెండోవాడు ఆయన తమ్ముడి కొడుకు. వాడు మా బోటు చెక్క మీద పడి, చెక్కకి మొహం ఆనించి అలాగే ఉండిపోయాడు. ఇంకెవరన్నా ఉన్నారా అని హ్వాన్ అన్న అడిగితే లేరని తలాడించాడు. ఇద్దరే వచ్చారు, ఇద్దరూ ఉన్నారు. నేను ఏడ్చాను. చెప్పడానికి సిగ్గేం లేదు.

ముసలాయన మమ్మల్ని వరసగా చూశాడు. లువమ్ తలకున్న తెల్లగుడ్డ దగ్గర ఆగాడు.

"ఎవరు పోయారు బాబూ?" అన్నాడు.

లువమ్ కంటే ముందు డాంగే చెప్పాడు.

"మీరేనండీ."

నవ్వామో ఏడ్చామో మాకే తెలియలేదు. లువమ్ తలగుడ్డ విప్పి, ఆ గుడ్డతోనే ముసలాయన తల తుడిచాడు. నా ఇంజను గదిలో వెచ్చగా పడుకోబెట్టి, నా నెత్తి మీద ఆరుతున్న చొక్కాలన్నీ వాళ్ళకే కప్పాడు. అల్లం దంచి గంజి కాచాడు. పంచదార అయిపోయిందని బయల్దేరిన రోజునుంచీ మాకు టీలో కూడా వెయ్యని మనిషి, ఎక్కడో అడుగునుంచి పొట్లం తీసి గంజిలో మొత్తం కుమ్మరించాడు. అప్పుడు నేనేమీ అనలేదు. తరవాత అన్నాను.

ముసలాయన పేరు బోంగ్. మాకు ఉత్తరాన హాన్ తూ ఊరాయన. ఒడ్డుకి దగ్గరగానే వలేసుకుందామని వస్తే ఇంజను ఆగిపోయిందట. నీటి వాలు నడిసముద్రంలోకి ఈడ్చుకొస్తే గాలి తిప్పేసిందట. గంజి తాగి కాస్త రంగు వచ్చాక, తమని మేం ఎలా కనుక్కున్నామని అడిగాడు. హ్వాన్ అన్న ఏదో చెప్పి దాటెయ్యబోయాడు. లువమ్ ఆగలేదు. పొద్దున్నే చూశానని, చూసి వదిలేశానని, ఎందుకు వదిలేశాడో, మళ్ళీ ఎందుకొచ్చాడో దాచకుండా మొత్తం చెప్పేశాడు.

"తెలుసు," అన్నాడు బోంగ్ పెద్దయ్య. "గిన్నె పట్టుకుని ఒంగింది నువ్వేగా. నేను రెండో పక్కన తాడుకి వేలాడుతూ తలెత్తి చూశాను. అరిచాను, గాలికి పోయింది. నువ్వు తల దించుకోవడం చూశాను. అప్పట్నుంచీ నిన్ను తిడుతూనే ఉన్నాను. మీ అమ్మని తిట్టాను, మీ నాన్నని తిట్టాను."

"నాకు నాన్న లేడండి," అన్నాడు లువమ్ తల దించుకుని. "ఆ తిట్లు ఎవరికీ తగిలుండవు."

ముసలాయన నవ్వాడు. నవ్వితే పెదవులు పగిలి రక్తం వచ్చింది, అయినా నవ్వాడు. నువ్వు చూసింది ఏ దుంగో అనుకునుంటే తిరిగొచ్చేవాడివా అని అడిగాడు. రానండి అన్నాడు లువమ్. మరి నిన్ను పట్టుకొచ్చింది తాతగారే, ఇంకేం మాట్లాడకు, ఆ గంజి ఇంకాస్త పొయ్ అన్నాడు.

అప్పుడు, గరిటె చప్పుడు వింటుంటే, నాకు ఉన్నట్టుండి తట్టింది. తాతగారు ఒరగలేదు. సూతకం లేదు. పెళ్ళి ఉంది. ఒక్క గెంతున పైకొచ్చి ఆ మాట హ్వాన్ అన్న చెవిలో వేశాను. నీకిప్పుడు తట్టిందా అన్నాడాయన. ఆయన మొహం చూస్తే తెలిసింది, అందరికంటే ముందే ఆ లెక్క వేసుకుని లోలోపల సంతోషపడుతున్నాడని. లువమ్‌కి నేనే చెప్పాను. వాడు పొయ్యి దగ్గర చతికిలబడిపోయి, గరిటె ఒళ్ళో పెట్టుకుని, అబ్బ అన్నాడు. అంతే. ఆ ఒక్క అబ్బలో ఎన్నాళ్ళ బరువు దిగిందో.

రేడియోలో కబురు పంపాం. మేం రేవు చేరేసరికి హాన్ తూ నుంచి బోంగ్ పెద్దయ్య కొడుకులు నలుగురూ వచ్చి నిలబడి ఉన్నారు. అప్పటికే వాళ్ళింట్లో ఏడుపులు మొదలయ్యాయట. గేలాల తాడు కోసం హ్వాన్ అన్న పండగలోపు ఇంకోసారి వెళ్ళొచ్చాడు, దొరకలేదు. ఎవరూ ఏమీ అనలేదు. నేను మాత్రం కాస్త గొణిగాను. ఎవరో ఒకరు గొణగాలి కదా.

మొదటి నెలలో ముహూర్తం నాటికి ఎండ కాసింది. ఏటి అవతలినుంచి పెళ్ళికొడుకు వాళ్ళు తాంబూలం పళ్ళేలతో వచ్చారు. పెళ్ళికొడుకు తల్లి గుమ్మంలో నిలబడి, ఇల్లంతా ఒకసారి చూసి, పెద్దల పీట మీద ఖాళీ చోటు కూడా చూసి, తాంబూలం అందుకునే తాతగారు ఎవరండీ అని తియ్యగా అడిగింది. ఎవరూ లేరని ఆవిడకి తెలుసు. లువమ్ మొహం పాలిపోయింది. నేను నోరు తెరిచాను. ఏం అనేవాణ్ణో గానీ మంచిమాట మాత్రం అయ్యుండేది కాదు. అంతలో వీధిలో గోల వినబడింది.

బోంగ్ పెద్దయ్య వచ్చాడు. నల్లటి పొడవు చొక్కా వేసుకుని, తలపాగా చుట్టుకుని వచ్చాడు. వెనక నలుగురు కొడుకులు, నలుగురు కోడళ్ళు, లెక్కలేనంత మంది మనవలు. అందర్నీ చూసి నాకు ముందు గుర్తొచ్చింది మా పంది. అది చాలదు.

"ఆలస్యమైందమ్మా," అన్నాడు పెళ్ళికొడుకు తల్లితో. "పిల్ల తాతని నేను. ఒరిగిన తాతగారిని ముందు చూసినవాడు పెద్దకొడుకు అవుతాడా లేదా, మీ ఊళ్ళోనూ అంతేనా? నన్ను ముందు చూసింది వీడే. నేను ఒరగలేదు, అది నా తప్పు కాదు. వీళ్ళు నలుగురూ వీడి తమ్ముళ్ళు. వయసులో వీడే పెద్ద, అడిగి మరీ వచ్చాను."

ఆవిడ పళ్ళెం ముందుకి చాపింది. లువమ్ పరుగెత్తి కుర్చీ తెచ్చాడు. చేత్తో తుడిచాడు, మళ్ళీ తుడిచాడు.

"కూర్చో నాన్నా," అన్నాడు చివరికి.

ఆయన కూర్చుని, తాళ్ళు కోసిన గాట్లు ఇంకా మానని చేతులతో తాంబూలం అందుకున్నాడు. న్యాన్ నా వెనక నిలబడి నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. థామ్ పెళ్ళి అయింది. పంది చాలలేదు, కోళ్ళు కూడా కోయాల్సొచ్చింది.

లువమ్ ఇప్పుడు తద్దినాలకి వెళ్ళడం తగ్గించాడు. నెలకోసారి పులుసు గిన్నె పట్టుకుని హాన్ తూ వెళ్ళొస్తాడు. దడి ఇంకా అలాగే ఉంది. మొన్న వాళ్ళింటికెళితే పెద్దల పీట మీద ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే కనబడింది. ఈసారి జాగ్రత్తగానే అడిగాను, ఇప్పుడైనా అక్కడ నాన్న ఫొటో పెట్టుకోవచ్చు కదరా అని.

"నీకు బుద్ధుందా?" అని మండిపడ్డాడు. "బతికున్నవాళ్ళ ఫొటో అక్కడ పెడతారా ఎవరైనా?"